గిడ్డంగి గోడపక్క ఇల్లు

“రోజుకు ఎన్ని గిన్నెల టీ తాగుతారు, ఆపా?”

“లేచిన దగ్గర్నుంచి తాగుతూనే ఉంటాను. పన్నెండని వేసుకో, చూడ్డానికి బాగుంటుంది.”

సాల్కినై పన్నెండని వేసుకుంది. ఆమె ప్రభుత్వ ప్రయోగశాలలో శాస్త్రవేత్త. పత్తి సాగు రోజుల్లో కట్టిన పురుగుమందుల గిడ్డంగి ఒకటి తోగుజ్-తాల్ ఊరి చివర కప్పు కూలి పడి ఉంది. అందులో మిగిలిన మందు జనం ఒంట్లోకి ఎంత చేరిందో తేల్చడం ఆమె పని. ఇంటికొక పెద్దమనిషిని కూర్చోబెట్టి, ప్రశ్నలడిగి, కాస్త రక్తం తీసుకోవాలి. పద్నాలుగిళ్లు అయ్యాయి. ఇది పదిహేనోది, సరిగ్గా గిడ్డంగి గోడనానుకుని ఉన్న ఇల్లు.

బూరుల్ ఆపా గదిలో పైకొసన, గౌరవస్థానంలో, మెత్తటి పరుపుల మీద మఠం వేసుకుని కూర్చుంది. డెబ్బై దాటినా గొంతు ఖంగుమంటోంది.

“నీళ్లెక్కడివి తాగుతారు?”

“ఇంటిముందు వాగువి. కోడలిగా వచ్చి యాభై రెండేళ్లయింది. అప్పట్నుంచీ అవే.”

సాల్కినై కిటికీలోంచి చూసింది. గిడ్డంగి కిందనుంచి వచ్చిన కాలువ ఇంటిముందు పారుతోంది. రాసుకుంది.

“పాలు?”

“మా ఆవువే. ఇదిగో, దాని కురుత్.” ఆపా కోటు జేబులోంచి ఎండిన పెరుగుండ తీసి ఆమె చేతిలో పెట్టింది. “నములు. పళ్లు ఊడితే నన్ననకు.”

ఒకావిడ వేడి రొట్టె తెచ్చి పెట్టింది. ఆపా తుంచి నోట్లో వేసుకుంది.

“మళ్లీ ఉప్పెక్కువేశావు, తాజిగుల్. ఎన్నిసార్లు చెప్పాలి?”

తాజిగుల్ నవ్వి, ఆపా గిన్నెలో టీ పోసింది. ఇంత నోరున్న అత్తతో ఎలా వేగుతోందో పాపం అనుకుంది సాల్కినై.

సూది గుచ్చుతుంటే ఆపా అడిగింది. “పెళ్లయిందా నీకు?”

“ఇంకా లేదాపా.”

“ఇలా సూదులు పట్టుకు తిరిగితే ఎవడొస్తాడు?”

నెల తిరిగాక ఫలితాలొచ్చాయి. పద్నాలుగిళ్లవాళ్ల రక్తంలోనూ మందు హద్దు దాటి ఉంది. బూరుల్ ఆపా రక్తంలో మాత్రం పిసరంత కూడా లేదు. సాల్కినై మళ్లీ పరీక్ష చేసింది. మళ్లీ అంతే.

ఆ కాగితం చూసి పై అధికారి కుబాత్ ముఖం విప్పారింది. గిడ్డంగి తరలించాలంటే పదిమంది సంతకాల కోసం తిరగాలి. ఆయనకు మెట్లెక్కడమంటేనే గిట్టదు.

“గోడపక్క ముసలమ్మకే అంటలేదంటే ఆ మందు గిడ్డంగిది కానట్టేగా? తరలించక్కర్లేదని రాసెయ్.”

“బాయ్కే,” అంది పెద్దవాణ్ణి పిలిచినట్టు మర్యాదగా, “పిల్లలు ఆ గోడెక్కి ఆడుకుంటున్నారు.”

“నువ్వు తెచ్చిన రక్తమేనమ్మా చెబుతోంది. నేను కాదుగా.”

సాల్కినై ఆ కాగితం మళ్లీ చూసుకుంది. రెండేళ్లు ఆ ఊరి చుట్టూ తిరిగింది. వచ్చేవారం రాజధాని బిష్కెక్‌లో తేలిపోతుంది, గిడ్డంగి ఉండాలో పోవాలో.

“ఇంకొక్కసారి వెళ్లి చూద్దాం. మీరూ రండి,” అంది చివరికి. గురువారం బూరుల్ ఆపా ఇంట్లోనే ఉండాలని ఊరి కార్యాలయానికి కబురు పెట్టింది.

గురువారం వెళ్లేసరికి ఆపా మఖమల్ కోటు తొడుక్కుని అదే చోట కూర్చుని ఉంది. కుబాత్ మూడు గిన్నెల టీ తాగాడు, కురుత్ ఒకటి బుగ్గన పెట్టుకుని నాలుగు జేబులో వేసుకున్నాడు.

“మీ ఆరోగ్య రహస్యం ఇదేనేమో, ఆపా. దేశానికంతా చెప్పాలి.”

“చెప్పు నాయనా. ఆవు సంగతి కూడా చెప్పు, అది లేందే కురుత్ లేదు.”

కుబాత్ సంచిలోంచి కాగితం తీశాడు. గిడ్డంగి తరలించనక్కర్లేదని అందులో ముందే టైపు చేయించాడు. కలం తీసి సాల్కినై ముందు పెట్టాడు.

“ఇక్కడ పెట్టు సంతకం. చీకటి పడకముందే బయల్దేరదాం.”

ఆమె కలం పట్టుకుంది. బయట గోడమీద పిల్లల కేకలు వినిపిస్తున్నాయి. ఏదో ఒకటి చెప్పి ఇంకొన్నాళ్లు సాగదీయాలనిపించింది.

“ఒక్కరి రక్తం చూసి రాయడం పద్ధతి కాదు, బాయ్కే. మిగతావాళ్లదీ చూశాక పెడతాను. ఆపా, మీ ఇంట్లోవాళ్లందరినీ ఒకసారి పిలవండి.”

“ఎలా పిలవను తల్లీ? వాళ్లంతా పైన కొండమీద ఉన్నారు. నీ కబురందాక నేనొక్కదాన్నే గుర్రమెక్కి దిగొచ్చాను.”

కుబాత్ నమలడం ఆపాడు. “కొండమీదా? మరి ఈ ఇల్లు?”

“అప్పుడు చుట్టపుచూపుగా వచ్చాను నాయనా. నేనీ ఇంటి వియ్యపురాలిని.”