కదిలితే వెలగాలి

బావ హాల్లో అడుగుపెట్టాడు. హాల్లో దీపం వెలగలేదు. మేడ మీద పడగ్గదిలో వెలిగింది.

"బావా, పట్టించుకోకు," అన్నాడు వెనకాలే వచ్చిన బామ్మర్ది. "ఒట్టేశావు."

ఒట్టేసిన మాట నిజమే. బావది మామూలు నోరు కాదు. దీపాలు బిగించే కంపెనీలో ఉద్యోగం ఆ నోటివల్లే ఊడింది. మీ ఇంటి బల్బుకున్న బుద్ధి మీకు లేదని ఒక పెద్దమనిషిని మొహం మీదే అన్నాడు. తర్వాత చేరిన కొట్లో యజమాని సంతకానికే వంకపెట్టి బయటికొచ్చాడు. అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటే ఇదే. చివరికి బామ్మర్దే జాలిపడి తన పనిలో చేర్చుకున్నాడు. ఇదీ పాడుచేసుకుంటే బిడ్డను చంకనేసుకుని పుట్టింటికి పోతానని పెళ్ళాం పొద్దున్నే తేల్చి చెప్పింది. ఆవిడ అన్నంత పనీ చేసే మనిషి. కాబట్టి వంకలు పెట్టకూడదు. వచ్చిన పని చూసుకుని బయటపడాలి.

బామ్మర్ది మేడ మీదికి వెళ్ళాడు. కింది గదులు బావ వంతు.

మబ్బు పట్టి హాలంతా మసగ్గా ఉంది. కిటికీ తెర గాలికి ఊగింది. మేడ మీద దీపం మళ్ళీ వెలిగింది. కదలికని పసిగట్టే సెన్సర్‌ని సరిగ్గా తెర పక్కనే అతికించాడు ఇంటాయన, మహానుభావుడు. బావకి ఒళ్ళు మండింది.

దీపాల్ని నడిపించే ట్యాబ్ ఒకటి గోడకి తగిలించి ఉంది. ఊరికే చూద్దామని ముట్టుకున్నాడు. పాస్‌వర్డ్ ఒకటి రెండు మూడు నాలుగు.

"వీడి మొహం మండ," అన్నాడు.

లోపల ఇంకా ఘోరం. హాలు సెన్సర్‌ని పడగ్గది బల్బుకి కట్టాడు. పడగ్గదిని వంటింటికి కట్టాడు. వంటింట్లో మనిషి కదిలితే స్నానాలగదిలో దీపం. పొద్దుగూకితే వెలగాల్సిన వరండాని తెల్లారితే వెలగమన్నాడు. వెలిగిన దీపమేమో మనిషి చెప్పులు విప్పేలోపే ఆరిపోవాలట. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు, చెప్పిందల్లా చేసుకుపోతోంది ఆ యంత్రం.

"ఇంత ఇల్లు కట్టాడు గానీ, తలకాయ మాత్రం టోపీ పెట్టుకోవడానికే ఉంచుకున్నాడు."

"మెల్లగా బావా, పక్కింటివాళ్ళు వింటారు," అన్నాడు బామ్మర్ది మేడ మీంచి.

"విననీరా. వాళ్ళయినా నేర్చుకుంటారు."

ఇక చెయ్యి ఆగలేదు. హాలుని హాలుకీ, వంటింటిని వంటింటికీ కలిపాడు. వరండాకి పగలూ రాత్రీ తేడా నేర్పాడు. దీపం ఆరే గడువు పెంచాడు. కుర్చీ ఎక్కి సెన్సర్ ఊడదీసి, తెరకి దూరంగా తలుపుకి ఎదురుగా అతికించాడు. అటూ ఇటూ నడిచి చూశాడు. కాలు పెట్టిన చోటల్లా వెలుగు. దాటి వస్తే కాసేపటికి వెనక గది దానంతటదే ఆరింది. కంపెనీలో ఉన్న రోజుల్లో కూడా ఇంత బాగా ఎప్పుడూ కుదర్లేదు. చూసి మెచ్చుకోవడానికి ఇంట్లో ఎవరూ లేరే అని బాధపడ్డాడు కూడా.

బామ్మర్ది మెట్ల మీదికి వచ్చాడు. కింద వెలుగు చూసి మొహం మాడ్చుకున్నాడు.

"వచ్చిన పనేంటి బావా, నువ్వు చేస్తున్నదేంటి? మనల్ని ఇదంతా ఎవరు చెయ్యమన్నారు?"

"చూస్తూ ఊరుకోమంటావా?"

"ఊరుకోమనే. పైన నా పని అయిపోయింది. పద. ఇదీ చెడగొడితే అక్కకి ఏం చెప్పమంటావు?"

ఆవిడ మాట ఎత్తగానే బావ కాస్త తగ్గాడు. ట్యాబ్ కట్టేయబోయాడు. అట్టడుగున ఇంకో పేజీ కనిపించింది. 'ఊరెళ్ళినప్పుడు' అని దాని పేరు. ఇంటాయన జన్మకల్లా పొందిగ్గా రాసింది ఆ ఒక్కటే. తీరా చూస్తే, అంతా రాసి ఆన్ చెయ్యడం మరిచిపోయాడు.

"చూశావురా, వడ్డించిన విస్తరి ముందు పడుకున్నాడు వెధవ."

"దాని జోలికి పోకు బావా. నీకు దణ్ణం పెడతాను."

"పెట్టు. సగం పని వదిలేసి పోవడం మా వంశంలో లేదు."

ఆన్ చేశాడు.

బీరువాలోని నగలన్నీ మూటగట్టి చంకన పెట్టుకున్న బామ్మర్ది ఒక్క మెట్టు దిగాడో లేదో, ఇంట్లో దీపాలన్నీ భగ్గున వెలిగాయి, సైరన్ కూసింది, ఎక్కడో పొరుగూళ్ళో ఉన్న ఇంటాయన ఫోన్‌కి 'ఇంట్లో దొంగలు పడ్డారు' అన్న కబురు ఒక్క తప్పు లేకుండా వెళ్ళింది.