మెట్టు మీద అవ్వ

బస్సు మెట్టు మీద ఒక కాలు, నేల మీద ఒక కాలు పెట్టి అవ్వ మళ్ళీ ఉచిత టికెట్టుకు చూపించే ఆధార్ కార్డు వెతుకుతోంది.

ఆమె వెనక భూమిక రొప్పుతూ నిలబడింది. తండా నుంచి బస్సు స్టేజీ దాకా ఉన్న బాటలో సగం నడిచి, సగం పరుగెత్తి వచ్చింది.

"అవ్వా, జర జరుగు," అంది.

"ఆగు బిడ్డా. కార్డు ఈన్నే ఉండె."

అవ్వ కొంగు ముడి విప్పింది. లేదు. సంచిలో చూసింది. లేదు. చివరికి నెత్తి మీది గంప దించి, పైన కప్పిన బట్ట కింద చెయ్యి పెట్టి కార్డు తీసింది.

డ్రైవర్ హారన్ మీద హారన్ కొట్టాడు. లోపల ఎవరో విసుక్కున్నారు.

రోజూ ఇదే తంతు.

భూమికకు కామారెడ్డిలో క్లాసులు జరుగుతున్నాయి. ఇంటర్ బైపీసీ మొదలుకాకముందే పిల్లలను తయారుచేసే క్లాసులవి. చివర్లో ఒక పరీక్ష. అందులో నెగ్గితే రెండేళ్ళు చదువూ హాస్టలూ ఉచితం. నెగ్గకపోతే దసరా దాటాక అమ్మానాన్నలతో చెరుకు కొట్టడానికి పోవాల్సిందే. ఆ మాట ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. అననక్కర్లేదు, అందరికీ తెలుసు.

పదో తరగతి దాకా ఆమెది తెలుగు మీడియం. ఇప్పుడు బాటనీ, జువాలజీ అన్నీ ఇంగ్లీషులోనే. పొద్దున నడుస్తూ ఆ పేర్లే వల్లె వేసేది. ఒక పేరు నోరు తిరగక అక్కడే ఆగిపోయేది. కాస్త ముందుకు పోతే తెల్లకోటు వేసుకున్న తనే కళ్ళ ముందు కనిపించేది, మళ్ళీ ఆగిపోయేది. అంతలోనే, క్లాసులో అందరికంటే వెనకబడితే ఏం గాను అని భయం. కాళ్ళు బాటలోనే ఉన్నా మనసు ఎప్పుడో బస్సెక్కి పోయేది. హారన్ వినపడ్డాకే ఉలిక్కిపడి పరుగు.

అయినా మొదటి రోజు తప్ప మళ్ళీ ఎన్నడూ బస్సు తప్పలేదు. తన అదృష్టం అనుకుంది భూమిక.

దురదృష్టమల్లా ఈ అవ్వే. ఈమె ఎక్కేసరికి ఆలస్యం. క్లాసుకు చేరేసరికి సారు బోర్డు మీద రాసింది సగం చెరిపేసేవాడు. ఇంత తతంగమూ చేసి ఈ మహాతల్లి దిగేది పక్క స్టేజీలోనే.

ఇవాళ ఇక ఓపిక నశించింది. అవ్వ చేతిలోని గంప లాక్కుని లోపలికి విసిరింది. అది తేలిగ్గా ఎగిరి కండక్టర్ కాళ్ళ దగ్గర పడింది. అప్పుడైనా అనుమానం రావాల్సింది. కోపంలో ఉన్నవాళ్ళకు బరువులు తెలియవు.

"నడిచి పోయేంత దూరానికి నీకు బస్సెందుకు అవ్వా? నీ వల్ల రోజు నా క్లాసు పోతుంది."

బస్సంతా వింది. అవ్వ కడ్డీ పట్టుకుని, మోకాలి మీద చెయ్యి ఆనించి లోపలికి వచ్చింది. ఆమెకు కోపం వచ్చినట్టు లేదు.

"రేపు నాకు పరీక్ష," అంది భూమిక. "దండం పెడ్త. రేపొక్క రోజు ఈ బస్సు ఎక్కకు."

"పరీక్షనా?"

"ఆ."

"మరి రేపు జల్ది వస్తవా?"

"వస్త. అందరికంటె ముందుగాల్నే వస్త."

"ఉత్తగ అంటున్నవా, నిజంగనే వస్తవా?"

"నిజంగనే వస్త."

అవ్వ ఆమె ముఖంలోకి కాసేపు చూసి తలూపింది.

"అట్లయితె నేను ఎక్కను తీ. మంచిగ రాయి."

పక్క స్టేజీలో గంప చంకన పెట్టుకుని దిగిపోయింది. ఆమె పేరేమిటో భూమిక ఎన్నడూ అడగలేదు.

మర్నాడు భూమిక నిజంగానే తొందరగా లేచింది. స్నానం చేసి, దేవుడికి మొక్కి, అమ్మ పెట్టిన పెరుగన్నం తిని బయలుదేరింది. సగం బాట చకచకా నడిచింది. అక్కడ, రాత్రి చదివిన పాఠం ఒకటి ఎంతకీ గుర్తు రాలేదు. పొలం గట్టు మీద కూర్చుని పుస్తకం తెరిచింది. ఒక్క పేజీ చూసి లేద్దామనుకుంది.

తలెత్తేసరికి బస్సు చప్పుడు.

పరుగెత్తింది. స్టేజీలో ఎవరూ లేరు. చెయ్యెత్తే మనిషి లేక బస్సు ఆగకుండానే కామారెడ్డి వైపు వెళ్ళిపోయింది.

మళ్ళీ బస్సు మధ్యాహ్నానికి. పరీక్ష హాలు తలుపులు అప్పటిదాకా తెరిచి ఉంచరు. భూమిక రోడ్డు పక్క చాయ్ హోటల్ బల్ల మీద కూలబడి ఏడ్చింది.

వెనక కట్టెలు కొడుతున్న హోటల్ సాయిలు ఆ ఏడుపు విని వచ్చాడు.

"అయ్యో, పోయిందా? ఏడ్వకు బిడ్డా. ఏదన్న బండి వస్తె ఎక్కిస్త."

రోడ్డు మీద ఏ బండీ లేదు.

కళ్ళు తుడుచుకుంటుంటే పొయ్యి పక్కన అవ్వ గంప కనిపించింది. దాని నిండా ఉల్లిగడ్డలు.

"అవ్వ గంప ఈడ ఉందేంది కాకా?"

"మంగవ్వదా? అది నా గంపనే. రోజు పొద్దుగాల ఉల్లిగడ్డలు కింద పోసి ఉత్త గంప తీస్కపోతుండె. పక్క స్టేజీల దిగి, నడుచుకుంట వాపస్ వచ్చి, గంప నాకిచ్చి కూలికి ఉరుకుతుండె. లేటయిందని మేస్త్రితోని మాటలు పడుతుండె."

భూమిక చుట్టూ చూసింది.

"మరి ఇయ్యాల ఏది?"

"నువ్వు ముందుగాల్నే వస్తనన్నవట గద. ఆ మాట నమ్మి ఇయ్యాల టైముకు కూలికి పోయింది."

"పక్క స్టేజీల ఆమెకు ఏం పని కాకా?"

సాయిలు భూమిక కూర్చున్న బల్ల వైపు చూశాడు.

"మొదటి రోజు బస్సు పోయిందని నువ్వు ఈన్నే కూసొని ఏడ్చినవు. ఆమె చాయ్ తాగుకుంట చూసింది."

"ఆడ ఆమెకేం పని?"

"ఏం పని లేదు బిడ్డా, నువ్వు ఆ మలుపుల కనవడేదాక బస్సు కదలకుండ మెట్టు మీద నిలవడుడే ఆమె పని."