హాల్లో ఆడిషన్

“ప్రోగ్రామరా బాబూ?” కళ్లజోడు పైకి తోసుకుంటూ అడిగిందావిడ.

“అవునండీ. నా పేరు అద్వైత్. పన్నెండింటికి ఇంటర్వ్యూకి రమ్మన్నారు.”

“ఇంకా గంటుందిగా. సి ప్లస్ ప్లస్ బాగా వచ్చా?”

అద్వైత్ గబుక్కున ఆవిడ ఎదుటి కుర్చీలో కూర్చున్నాడు. అప్పుడే మొదలైపోయిందన్నమాట!

ఫిల్మ్ నగర్‌లో సినిమాలకు గ్రాఫిక్స్ చేసే స్టూడియో అది. హాల్లో ఒకే బల్ల. దాని వెనక ఆవిడ. ఆవిడ ముందు స్టూడియో స్టిక్కరంటించిన లాప్‌టాప్. నలభై అయిదేళ్లుంటాయి, నేత చీర, చేతిలో చిన్న నోట్‌బుక్కు. సరిగ్గా ఇలాంటివాళ్ల దగ్గరే జాగ్రత్తగా ఉండాలని నాన్న వందసార్లు చెప్పాడు.

నాన్న సత్యనారాయణమూర్తి ముప్పై ఏళ్లుగా సినిమాల్లో పోలీసు కమిషనర్. “ఒరే, మన ఇండస్ట్రీలో ఆడిషన్ గదిలో జరగదు. బయట హాల్లోనే అయిపోతుంది. అసలు మనిషి ఏ మూలో ఏమీ ఎరగనట్టు కూర్చుని నిన్నే చూస్తుంటాడు,” అంటాడు. ఆయనకు మొదటి వేషం అలాగే దొరికిందట. ప్రొడక్షన్ ఆఫీసు వరండాలో ఎవరో పెద్దాయన మంచినీళ్లడిగితే తెచ్చిచ్చాడు. ఆ పెద్దాయనే డైరెక్టరు. ఈ కథ వాళ్లింట్లో ఇడ్లీతో పాటు వడ్డిస్తారు.

ఆ నాన్నే నిన్న గడువు పెట్టాడు. ఈ ఉద్యోగం రాకపోతే సోమవారం నుంచి డైలీ సీరియల్లో హీరో తమ్ముడి వేషం. వాళ్లకు మాట కూడా ఇచ్చేశాడు. కెమెరా ముందు నిలబడితే అద్వైత్‌కు తన పేరే గుర్తుండదు. కోడ్ ముందు కూర్చుంటే ఆకలి గుర్తుండదు. ఈ ఉద్యోగం చెయ్యిజారితే ఏం చెయ్యాలో తెలియక రాత్రి నుంచీ అతనికి నిజంగానే భయంగా ఉంది.

ఆవిడ లాప్‌టాప్‌ని అతని వైపు తిప్పింది. “ఈ ప్రోగ్రాం ఒక్కో ఫ్రేమూ తీసుకుని రంగులు సరిచేస్తుంది. పది నిమిషాలు శుభ్రంగా నడుస్తుంది. ఆ తర్వాత మెమరీ అంతా మింగేసి మెషిన్ బిగుసుకుపోతుంది. ఎందుకంటావు?”

అద్వైత్ నిటారుగా కూర్చున్నాడు. రెండు నిమిషాలు కోడ్ పైకీ కిందికీ జరిపాడు.

“ఫ్రేముకోసారి మెమరీ తీసుకుంటోంది మేడమ్. తిరిగి ఇవ్వట్లేదు.”

“ఇస్తోందిగా! ఇదిగో, కింద డిలీట్ ఉంది.”

“ఉంది. అక్కడిదాకా వెళ్తేగా! ఫ్రేము ఖాళీగా ఉంటే మధ్యలోనే రిటర్న్ అయిపోతోంది చూడండి. షూటింగుకి అద్దె బట్టలు తెచ్చి, సీను క్యాన్సిలైతే ఎవరూ తిరిగివ్వనట్టు.”

ఆవిడ నోట్‌బుక్కులో ఏదో రాసుకుంది. మార్కులే! అద్వైత్ మెడ చాచాడు గానీ కనిపించలేదు.

“మరి దీనికి మందు?”

“డిలీట్ మన చేతుల్లో పెట్టుకోకూడదు మేడమ్. యూనిక్ పాయింటర్‌కి అప్పగిస్తే, ఫంక్షన్లోంచి ఎటు బయటపడినా అదే వదిలేస్తుంది.”

“ఏదీ, చేసి చూపించు.”

చేసి చూపించాడు. ఈసారి మెమరీ పెరగలేదు. కానీ చివర్లో ప్రోగ్రాం కుప్పకూలింది.

“ఇదేంటి మళ్లీ?”

“వంద ఫ్రేములు కదా. లెక్క సున్నా నుంచి మొదలు, కాబట్టి తొంభై తొమ్మిది దగ్గర ఆగాలి. లూపులో ఈ ఈక్వల్ గుర్తు ఎక్కువైంది. లేని ఫ్రేము కోసం తడుముతోంది.”

మళ్లీ నోట్‌బుక్కు. ఈసారి రెండు లైన్లు. తర్వాత ఆవిడ గోడగడియారం చూసింది.

“పన్నెండుకల్లా తేలిపోవాలి బాబూ. ఇంకొక్కటుంది. పనంతా అయ్యాక, మూసేటప్పుడు క్రాష్ అవుతోంది.”

ఇక్కడ అద్వైత్ ఇరుక్కుపోయాడు. చూసిన లైనే మళ్లీ చూశాడు. చొక్కా వీపుకి అంటుకుపోయింది. ఆఫీసు అటెండరు ఆంజనేయులు చాయ్ తెచ్చి ఇద్దరి ముందూ పెట్టాడు.

“జర చాయ్ తాగుండ్రి సార్. ఫికర్ చెయ్యకుండ్రి.”

చాయ్ చల్లారింది. పన్నెండుకు ఎనిమిది నిమిషాలుందనగా దొరికింది.

“రంగుల పట్టికను కాపీ చేస్తున్నారు మేడమ్! కానీ అసలూ నకలూ ఒకే మెమరీని పట్టుకుని ఉన్నాయి. చివర్లో రెండూ దాన్నే వదిలేస్తున్నాయి. రెండోసారి వదిలేసరికి క్రాష్. నకలుకు విడిగా మెమరీ ఇస్తే సరి.”

మార్చాడు. నడిపాడు. వంద ఫ్రేములూ చల్లగా దాటిపోయాయి. అద్వైత్‌కు బల్లెక్కి ఈల వెయ్యాలనిపించింది.

“భలేవాడివి బాబూ! ఇంత విడమరిచి చెప్పేవాళ్లు తక్కువ,” అంటూ ఆవిడ లాప్‌టాప్ మూసి, నోట్‌బుక్కు చంకన పెట్టుకుని, లోపలి గదిలోకి వెళ్లిపోయింది.

తలుపు మూసుకోగానే అతను ఫోన్ చేశాడు.

“నాన్నా, నువ్వు చెప్పింది అక్షరాలా నిజం. హాల్లోనే అయిపోయింది! సీరియల్ వాళ్లకు వద్దని చెప్పెయ్.”

“నేను చెప్పలా!” కమిషనర్ గొంతు ఖంగుమంది. “ఇంతకీ అసలు మనిషిని ఎలా కనిపెట్టావురా?”

“చూడగానే తెలిసిపోయింది.”

లోపలి నుంచి నవ్వులు వినిపించాయి. తన గురించే అనుకుని అద్వైత్ కూడా కాస్త నవ్వుకున్నాడు. పావుగంటకు ఆంజనేయులు తలుపు తీసుకుని బయటికొచ్చాడు. అద్వైత్ లేచి చొక్కా సర్దుకున్నాడు.

“మీరిగ పోవచ్చు సార్,” అన్నాడు ఆంజనేయులు, “ఉన్నది ఒక్కటే నౌకరీ, పొద్దుగాల అందరికన్న ముందే ఇంటర్వ్యూకొచ్చి ఈడ కూసున్న సత్యలక్ష్మి మేడమ్ పరీక్షకిచ్చిన ప్రోగ్రాం మొత్తం బాగుచేసిందంట.”