చప్పుడు లేని కారు

“పట్టుకో ఈ సుత్తి. దొంగను పట్టిచ్చేది ఇదే,” అన్నాడు జయప్రకాశ్.

పగిడయ్య సుత్తి అందుకున్నాడు గానీ కొట్టలేదు. ఇంటి ముందు పాత మారుతి కారు జాకీ మీద ఒక పక్కకు ఒరిగి ఉంది. వెనక చక్రం, దాని డ్రమ్ము ఊడదీసి గోనెపట్టా మీద పెట్టారు. అరిగిపోయిన బేరింగ్ డ్రమ్ములోనే బిగుసుకుని ఉంది.

కొన్నాళ్లుగా పామాయిల్ తోటలో కోసి కుప్పపెట్టిన గెలలు మాయమవుతున్నాయి. జయప్రకాశ్ ఎన్నిసార్లు కారేసుకుని పోయినా నరపురుగు కనపడదు. ఆ బేరింగ్ మూలుగు కాలవ మలుపు నుంచే తోటంతా వినిపిస్తుందని అతనికి నిన్ననే తట్టింది. దమ్మపేటలో అందరూ పగిడయ్య పేరే చెబుతున్నారు. గెలలు కోసేది అతనే, కాపలా కాసేదీ అతనే. ఆదివారం పెద్దమనుషులు కూర్చుంటారు. వాళ్లు దొంగ అని తేల్చితే ఇక చుట్టుపక్కల ఏ తోటలోనూ అతన్ని గేటు దాటనివ్వరు.

“బేరింగ్ ఎందుకయ్యా ఇప్పుడు? ఆ చప్పుడుకు అడివి పందులన్నా పారిపోతన్నయ్.”

“పందులా, మీ చుట్టాలా?”

పగిడయ్య తల దించుకున్నాడు.

“నువ్వు తియ్యకపోతే నీకేంది భయం?”

“నా గురించి కాదయ్యా.”

“మరెవరి గురించి?”

పగిడయ్య ఇనుప కడ్డీ ఆనించి కొట్టాడు. బేరింగ్ ఊడి కింద పడింది. జయప్రకాశ్ దాన్ని వేలితో తిప్పి చూశాడు. ఇసుక నమిలినట్టు గరగరలాడింది. దాన్ని పట్టా మీదికి విసిరి, ఫోన్లో వీడియో చూసుకుంటూ కొత్తదానికి గ్రీజు పట్టించాడు.

పెద్దమ్మగారు కనపడటం లేదేమని పగిడయ్య అడిగాడు. అమ్మ బూర్గంపాడులో అక్క దగ్గరికి పోయిందన్నాడు జయప్రకాశ్. భూమిలో వాటా లేదని చెప్పినప్పటి నుంచి అక్క నాగలత ఈ గడప తొక్కడం లేదని, అమ్మే పచ్చళ్లు మోసుకుని మాటిమాటికీ పోతోందని విసుక్కున్నాడు. ఆ తర్వాత పగిడయ్య చక్రం నట్లు మరీ నెమ్మదిగా బిగించాడు.

“ఎక్కు. దొంగ దొరికితే నీ పేరు నిలబడతది.”

“నేను రానయ్యా.”

“ఎక్కమన్నా గదా.”

కాలవ మలుపు దాటినా చక్రం కిక్కురుమనలేదు. చెట్ల మీది కొంగలు కూడా లేవలేదు. కూలీలు అన్నాలకు పోయిన వేళ. కంచె గండి దగ్గర ట్రాలీ ఆటో ఒకటి ఇంజను ఆపకుండా నిలబడి ఉంది. ఇద్దరు ఆడవాళ్లు అటు తిరిగి, ఒక గెలను చెరో పక్క పట్టుకుని ఆటోలోకి ఎత్తుతున్నారు. ముళ్లు గుచ్చుకోకుండా పెద్దావిడ చేతులకు పాత తువ్వాలు చుట్టుకుంది. జయప్రకాశ్ తువ్వాలే అది.

“తొందరేం లేదే నాగా,” ఆటో మోతను మించి అతని అమ్మ ఆదెమ్మ గొంతు వినపడింది. “తమ్ముడి కారు చప్పుడు ఇంకా రాలేదుగా.”

జయప్రకాశ్ బ్రేకు మీద కాలు పెట్టి అలాగే ఉండిపోయాడు. పక్క సీట్లో పగిడయ్య తన మోకాళ్ల వైపే చూస్తున్నాడు. కాసేపటికి కారు మెల్లగా వెనక్కి జరిగి, మలుపు తిరిగి, వచ్చిన దారినే పోయింది. ఆడవాళ్లు తల తిప్పలేదు.

ఇంటి ముందు కారు దిగాక పగిడయ్య అడిగాడు.

“నేను కాదని చూసిన్రు గదయ్యా. ఆదివారం చెప్తరా?”

జయప్రకాశ్ గోనెపట్టా దగ్గరికి పోయి, పాత బేరింగ్ ఏరి తెచ్చి అతని చేతిలో పెట్టాడు.

“దీన్నే మళ్లీ ఎక్కించు. ఆదివారం పెద్దమనుషులు నువ్వే తీసినవా అని అడిగితే, అవ్ అను.”