బెత్తెడు ముందుకు

తెల్లారితే విమానం ఎగరాలి. ఆ సాయంత్రం నా లెక్కలో తప్పు కనబడింది. బరువంతా తోకవైపు పడుతోంది. అలాగే ఎగిరితే కూలిపోతుంది.

డిజైను నాది. దాన్ని నమ్మి, బాన్సువాడలోని తన వెల్డింగ్ షాపులో రెండేళ్లపాటు సన్నటి పైపులు అతికి, ఒక్క మనిషి పట్టే ఆ చిన్న విమానాన్ని తయారు చేసింది ముస్తఫా. నడిపేదీ అతనే.

నేను కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. లెక్క తప్పానని అతని ముందు ఒప్పుకోవడానికి నోరు రాలేదు. ఎస్టీడీ బూత్ నుంచి, పేరు చెప్పకుండా పోలీసులకు ఫోన్ చేశాను.

"అనుమతి లేకుండా కాలువ గట్టు మీంచి విమానం ఎగరేస్తున్నారు."

పొద్దున్నే వచ్చి దాన్ని ట్రాక్టర్ మీద తీసుకుపోయారు. ముస్తఫా మళ్లీ విమానం జోలికి పోలేదు. గేట్లూ, ట్రాలీలూ అతుకుతూ తొమ్మిదేళ్లు గడిపాడు. అతన్ని చూసినప్పుడల్లా, ప్రాణం కాపాడాను కదా అని నాకు నేనే చెప్పుకునేవాణ్ణి.

రెండువేల ఏడులో, రిటైరైన రోజు, ఇక దాచలేక షాపుకి వెళ్లాను.

"ముస్తఫా, ఆ ఫోన్ చేసింది నేనే. నా లెక్క తప్పింది. ఎగిరి ఉంటే చచ్చిపోయేవాడివి."

అతను చేతిలో పని పక్కన పెట్టాడు.

"గా తప్పు నాకు ఎర్కే సార్. వారం ముందే దూలానికి ఏలాడగట్టి చూసిన. తోక కిందికి పోయింది. ఇంజను బెత్తెడు ముందుకు జరిపితే సరిగ్గ నిలవడ్డది."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"మీరు చిన్నబోతరని, సార్."