కోట ఆట

"పాచికలు ఎవలియిరా?"

వార్డెన్ సారు తలుపు తోసుకుని వచ్చేసరికి ఆ రెండు పాచికలూ ఐలేశం చేతిలోనే ఉన్నాయి. ఆదివారం మధ్యాహ్నం. నల్లగొండ హాస్టల్లో పిల్లలంతా కింద టీవీ ముందు ఉంటారు కదా అని, మేడమీది బియ్యం గదిలో తలుపు దగ్గరగా వేసుకుని కూర్చున్నారు ఐలేశం, మెహమూద్, మరో స్నేహితుడూ.

"జూదమా? హాస్టల్ల జూదం మొదలువెట్టిన్రా?"

అది జూదం కాదు. మెహమూద్ హైదరాబాద్‌లో మేనమామ ఇంట్లో నేర్చుకొచ్చిన ఆట. ఒకడు కథ చెబుతుంటాడు. మిగతావాళ్లు తలా ఒక వేషం పట్టుకుని ఆ కథలో నడుస్తారు. కత్తి తగిలిందా, తప్పిందా అన్నది పాచిక చెబుతుంది. నిరుడు, ఇంటర్ మొదటి ఏడాదిలో, ఈ 'కోట ఆట' అంటే హాస్టలంతా ఎగబడింది. చోటు కోసం కొట్లాడుకున్నారు కూడా. ఈ ఏడు మూతి మీద నూనూగు మీసాలు రాగానే అందరికీ అది చిన్న పోరగాళ్ల ఆట అయిపోయింది. సిక్సర్ కొట్టేవాడు మొనగాడు. సినిమాకు గోడ దూకేవాడు మొనగాడు. కోట ఆట ఆడేవాడు బొమ్మల పెళ్లి చేసుకునేవాడితో సమానం. అందుకే ఈ దొంగచాటు.

పైగా ఐలేశానిది రాణి వేషం.

"చెప్పవేందిరా? జూదమేనా?"

తలుపు దగ్గర అప్పటికే గుంపు చేరింది. ముందు వరసలో క్రికెట్ జట్టు కెప్టెన్ ఉన్నాడు. ఐలేశం ఒకసారి వాళ్ల మొహాలు చూశాడు.

"అవును సార్. జూదమే."

మెహమూద్ బిత్తరపోయాడు. గుంపులో ఎవడో మెల్లగా "శభాష్ రా" అన్నాడు. ఐలేశానికి ఛాతీ పొంగింది.

ఆ పొంగు ఎంతోసేపు నిలవలేదు. గుంపు వెనక, భుజాన గొంగడి, చేతిలో జొన్నరొట్టెల మూటతో బాపు నిలబడి ఉన్నాడు. కొడుకును చూద్దామని తిరుమలగిరి నుంచి బస్సెక్కి వచ్చిన బీరప్ప ఆ మాట చెవులారా విన్నాడు.

బీరప్ప గొర్లు కాసే మనిషి. గుబురు మీసం, తక్కువ మాట. పేక ముట్టినవాడి ఇంట్లో మంచినీళ్లు కూడా తాగడని ఊళ్లో చెప్పుకుంటారు.

"సారూ, వీని పేరు కొట్టెయ్యుండ్రి," అన్నాడు. "నేను తోల్కపోత."

"జర ఆగుండ్రి పెద్దమనిషీ," అన్నాడు వార్డెన్. సంగతి ఇంతదాకా పోతుందని ఆయనా అనుకోలేదు.

"ఏం ఆగుడు సారూ? జూదగానికి సదువెందుకు? రేపటి సంది గొర్లెంబడి పోతడు. పెట్టె సదురుకోరా!"

నిజం చెబితే చదువు దక్కుతుంది. కానీ ఎదురుగా అన్ని కళ్లు. ఐలేశం తల వంచుకుని పెట్టె కోసం కదిలాడు.

"అబద్ధం కాకా!" మెహమూద్ అడ్డం వచ్చాడు. "జూదం లేదు, గీదం లేదు. మా జేబులు దేవులాడుండ్రి, ఒక్క పైస దొరికితె నన్ను కొట్టుండ్రి. ఇది కథల ఆట. నేను కథ చెప్త, వీళ్లు వేషాలు గడ్తరు. గీడు సేనాపతి. ఐలేశం రాణి."

"ఏందీ? ఐలేశం ఏందీ?" అన్నాడు వార్డెన్.

"రాణి సార్. సైన్యాన్ని నడిపిచ్చేది ఆమెనే."

తలుపు దగ్గర నవ్వు భళ్లుమంది. కెప్టెన్ నడుం తిప్పి, "దండం రాణమ్మా!" అన్నాడు. వార్డెన్‌కు కూడా నవ్వు ఆగలేదు.

"మీసాలొచ్చినంక గిదేం ఆటరా? దీనికన్న జూదమే నయముండె!" అంటూ గుంపును అదిలించుకుని కిందికి పోయాడు.

బీరప్ప మాత్రం నవ్వలేదు. ఆయన మొహంలో రంగు మారింది. కొడుకు వైపు చూడకుండా "నడువు" అన్నాడు.

పెట్టె మాట మళ్లీ ఎత్తకుండానే హాస్టల్ గేటు దాటి బస్టాండ్ దారి పట్టారు. తండ్రి ముందు, కొడుకు వెనక. ఐలేశం చెవులు ఇంకా కాలుతూనే ఉన్నాయి. జూదగాడు అనిపించుకున్నప్పుడు లేచిన తల, రాణి అనిపించుకున్నాక లేవనంటోంది. బాపు నాలుగు దెబ్బలు వేస్తే బాగుండుననిపించింది.

రైస్ మిల్లు వెనక గోడ పక్కకు వచ్చాక బీరప్ప ఆగాడు.

"అబద్ధమెందుకు ఆడినవ్ రా?"

"సిగ్గయింది బాపూ."

"జూదగాడనిపిచ్చుకునుడు సిగ్గు గాలేదా?"

ఐలేశానికి కళ్ల నీళ్లు తిరిగాయి. "ఇగ ఆడను బాపూ. నీ మీద ఒట్టు. ఆ వేషం జోలికి పోను."

బీరప్ప అటు చూశాడు, ఇటు చూశాడు. మనిషి అలికిడి లేదు. తలరుమాలు విప్పి కొంగులా నెత్తిన కప్పుకున్నాడు. ఎడమ చెయ్యి నడుము మీద ఆనింది. మెడ సొంపుగా ఓ పక్కకు వాలింది. ఆ గుబురు మీసాల కింది నుంచి, ఐలేశం పుట్టి ఎన్నడూ వినని సన్నని ఆడగొంతు రాగం తీసింది.

"ఏమిరా సేనాపతీ... నా కోట మీదికి దండెత్తి వచ్చినవాడెవడురా..."

రాగం అయిపోగానే గబగబా రుమాలు చుట్టేసుకున్నాడు. మొహం కందగడ్డలా అయింది.

"మీ అమ్మతోని అనకు," అన్నాడు. "పెండ్లికి ముందుగాల భాగోతంల నేను రాణి ఏషం గట్టేటోణ్ణని ఆమెకు ఎరుకలేదు."