రెండో లైను

అత్తగారి మందుల అట్టలో తొమ్మిది మాత్రలు ఉండాలి, మూడే ఉన్నాయి.

కోడలు అట్టను కిటికీ వెలుతురుకి పెట్టి మళ్ళీ చూసింది. మూడే. పెట్టెలో ఉండాల్సిన మందు వివరాల మడత కాగితం కూడా లేదు.

"అత్తయ్యా, ఎన్ని వేసుకున్నారు?"

"చెయ్యి విరిగిన రోజు ఒక్కటి. వేసుకోగానే గోడలు నాట్యం చేశాయి. ఆ తిరుగుడు కంటే ఈ నొప్పే నయమనిపించింది. మళ్ళీ ముట్టుకుంటే ఒట్టు," అంది అత్తగారు, కట్టు కట్టిన చేతిని ఒళ్ళో సర్దుకుంటూ.

కోడలు మందుల షాపులో పనిచేస్తుంది. ఇది అల్లాటప్పా నొప్పి మాత్ర కాదని ఆమెకు తెలుసు. ఒకే మాత్రలో రెండు మందులు. ఒకటి నల్లమందు జాతిది, తలను పట్టుకుంటుంది. ఇంకోటి వాపు తగ్గించేది, కడుపును పట్టుకుంటుంది. డాక్టరు చీటీ లేకుండా ఎవరికీ ఇవ్వరు.

"ఇంట్లో ఎవరో వారంలో ఆరు మింగారు," అంది.

"ఎవరో ఏంటి? మీ తమ్ముడే," అంది అత్తగారు క్షణం కూడా ఆలోచించకుండా. "దగ్గు మందు తియ్యగా ఉందని సీసా ఎత్తేసిన మహానుభావుడు. పొద్దున చూశావుగా, దవడలు ఊడేలా ఆవలింతలు! నా కొడుకు బంగారం. ఇదివరకు పేపరు పట్టుకుని బాత్రూంలో దూరితే గంట. ఈ వారంగా పాపం, మనకే వదిలేస్తున్నాడు."

కోడలికి బాత్రూం గురించి ఆలోచించే తీరిక లేదు. తమ్ముడు పనిచేసేది కొత్తగా కడుతున్న ఆకాశహర్మ్యం దగ్గర. క్రేన్ కింద నిలబడి, వాకీటాకీలో "కుడికి, ఎడమకి, దించు" అని చెప్పడం వాడి ఉద్యోగం. పైన క్యాబిన్లో ఆ మాట విని ఇనుము దించేది ఆమె భర్త. వాడు మగతలో "ఆపు" అనాల్సిన చోట "దించు" అన్నాడంటే, పునాది గుంటలో ఉన్నవాళ్ళు మిగలరు.

ఫోన్ చేసింది. తమ్ముడు ఎత్తలేదు. స్కూటర్ తీసింది.

సైటు దగ్గరి రేకుల ఆఫీసులో ఇంజినీరు ప్లాన్లు చూసుకుంటున్నాడు.

"సార్, మా తమ్ముణ్ణి వెంటనే పక్కకి తప్పించండి. వాడు మందు మింగాడు. మగత వస్తుంది, తల తిరుగుతుంది, దురద, మలబద్ధకం, ఎక్కువైతే కడుపులో రక్తం..."

ఇంజినీరు "మగత" దగ్గరే లేచి నిలబడ్డాడు. వాకీటాకీ సెట్టులో తమ్ముణ్ణి పిలిచాడు.

"ఏంటక్కా, అన్నం డబ్బా మర్చిపోయానా?" అంటూ హెల్మెట్ తీసుకుంటూ వచ్చాడు వాడు.

"నోరు మూసుకుని కళ్ళు చూపించు."

చీకటి మూలకి లాక్కెళ్ళి చూసింది. ఆ మందు ఒంట్లో ఉంటే చీకట్లో కూడా కంటిపాప ఆవగింజంత అయిపోతుంది. వాడి పాపలు నిక్షేపంగా, విశాలంగా ఉన్నాయి.

"మరి ఆ ఆవలింతలేంట్రా?"

"రాత్రంతా ఫోన్లో మాట్లాడానక్కా."

"ఎవరితో?"

"అది వేరే కేసు."

ఇంజినీరు ఊపిరి పీల్చుకున్నాడు. "పోన్లెండమ్మా. అయినా పైన మీ ఆయన ఉండగా మాకేం భయం? ఇదివరకు రోజుకి రెండుసార్లు దిగేవాడు. దిగి ఎక్కేసరికి గంట పని గోవిందా. ఈ వారంగా పొద్దున ఎక్కితే సాయంత్రమే దిగడం. ఆణిముత్యం!"

కోడలు వేళ్ళు మడిచింది. అత్తయ్య కాదు. నేను కాదు. వీడు కాదు.

"అక్కా," అన్నాడు తమ్ముడు నెమ్మదిగా, "ఇంట్లో మనం నలుగురం."

ముగ్గురూ బయటికి వచ్చి తలెత్తారు. రెండు టన్నుల ఇనుప చువ్వల కట్ట సరిగ్గా గుంట మీద వేలాడుతోంది. దాని నీడలో ఆరుగురు పనిచేసుకుంటున్నారు.

"పక్కన దించెయ్యమని చెప్పే వచ్చాను. సరేనన్నాడు బావ!" అని అరుస్తూ తమ్ముడు గుంట వైపు పరిగెత్తాడు.

"క్రేన్! క్రేన్!" అని పిలిచాడు ఇంజినీరు. జవాబు లేదు. మూడోసారి సెట్టులో గరగరమని ఒక చప్పుడు వచ్చింది. ఆగింది. మళ్ళీ వచ్చింది.

"సెట్టు పాడైనట్టుంది."

"కాదు సార్. ఆ గురక నాకు పదేళ్ళుగా తెలుసు."

ఆమె సెట్టు లాక్కుంది. "ఏవండీ! అత్తయ్య పిలుస్తున్నారు!"

గురక ఆగింది. "ఆఁ... వస్తున్నానమ్మా."

"ఎక్కడికీ రావద్దు! కూర్చున్నచోటే కూర్చోండి!"

అప్పటికి తమ్ముడు ఆరుగురినీ గుంటలోంచి బయటికి తోలేశాడు. "బావా, కుడికి... ఇంకొంచెం... ఆపు. ఇప్పుడు దించు." ఇనుము ఖాళీ నేల మీద మెత్తగా కూర్చుంది. క్రేన్ ఆపించి, ఆయన్ని జాగ్రత్తగా దించడానికి ఇంజినీరు ఇద్దరు మనుషుల్ని నిచ్చెన ఎక్కించాడు.

ఆమె సెట్టు మళ్ళీ నోటి దగ్గర పెట్టుకుంది. "ఏవండీ, ఆరు మాత్రలూ మీరే మింగారా? ఎక్కడండీ నొప్పి? నాకెందుకు చెప్పలేదు?"

సెట్టు బరబరలాడింది.

"నొప్పేం లేదే. నిచ్చెన ఎనభై మీటర్లు. ఒంటికైతే పైన సీసా ఉంది, రెంటికి ఏం చెయ్యను? అమ్మ మందు కాగితంలో మొదటి లైనే మలబద్ధకం వస్తుందని. నాకోసమే తయారుచేశారనుకున్నా. కాగితం జేబులోనే ఉంది. మిగతాది కూడా చదువుదామని రోజూ పైకొచ్చి, మాత్ర వేసుకుని తీస్తున్నా... రెండో లైనుకి వచ్చేసరికి నిద్ర పట్టేస్తోంది."